నిన్నటి తీర్పు, నేటి తగవు

ఊరిలో నీళ్ల వంతును గురించియో, పొలము గట్టును గురించియో, బండి బాటను గురించియో తగవు పుట్టినదనుకొందము. ఇరువైపులవారును రచ్చబండ కడకు వచ్చి తమ తమ గోడు చెప్పుకొందురు. అంతయు విన్న పిమ్మట పెద్దలు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: “ఇదివరలో ఇట్టి తగవు వచ్చినపుడు మనమేమి చేసితిమి?” అప్పుడొక వృద్ధుడు జ్ఞాపకము చేసికొని, “వెనుకటి కరవులో ఎగువ చేనికి ఒక జాము, దిగువ చేనికి ఒక జాము పెట్టితిమి” అనును. ఆ మాటతో సగము తగవు తీరిపోవును.

ఈ ముందటి నిర్ణయమునకు మనలో పేర్లు పెక్కు కలవు. పొలములో దానిని మామూలు అందురు. ఇంటిలో ఆనవాయితీ అందురు. కచేరీలో నజీరు అనుట కలదు. గ్రంథములలో పూర్వనిర్ణయము అని వ్రాయుదురు. పేరేదైనను భావమొక్కటే. ఒకనాడు ఒకరి విషయమున చేసిన నిర్ణయము, మరియొకనాడు మరియొకరి విషయమున దారి చూపును.

దానికింత గౌరవమేల? ఇందుకు మూడు కారణములు కలవు. నిన్న ఒకనికి ఒక రీతిగను, అదే స్థితిలోనున్న మరియొకనికి నేడు వేరొక రీతిగను చెప్పినచో అది న్యాయము కాదు. ఇది మొదటి కారణము. భూమి కొనువాడును, అప్పు ఇచ్చువాడును, పిల్లను ఇచ్చువాడును రేపేమి జరుగునో కొంతవరకైనను ముందు తెలిసికొనవలెను, ఇది రెండవది. మూడవది అన్నిటికంటె ముఖ్యము. పూర్వనిర్ణయము తీర్పరి చేతిని పట్టి నిలుపును. ధనవంతుడు వచ్చి చెవిలో ఊదినను, బంధువు వచ్చి బ్రతిమాలినను, “లోగడ ఇట్లు చెప్పితిరి, నేడు మార్చుటకు కారణమేమి?” అని పేదవాడు అడుగవచ్చును. బలము లేనివానికి ఆ ప్రశ్నయే బలము.

అయితే ఈ కత్తికి రెండు వైపులను పదునే. మంచి నిర్ణయము ఎట్లు తరతరములకు దారి చూపునో, చెడ్డ నిర్ణయమును అట్లే తరతరములను త్రోవ తప్పించును. కావున పూర్వనిర్ణయమును ఎంతవరకు అనుసరింపవలెను, ఎచ్చట విడువవలెను అనునది విచారింపదగిన విషయము.

మొదట న్యాయస్థానముల సంగతి చూతము. మన దేశమున క్రింది కోర్టులు హైకోర్టు నిర్ణయములకును, కోర్టులన్నియు సుప్రీముకోర్టు నిర్ణయములకును కట్టుబడవలెను. సుప్రీముకోర్టు చెప్పిన న్యాయము దేశములోని సర్వ న్యాయస్థానములకును శిరోధార్యమని రాజ్యాంగములోని 141వ అధికరణము చెప్పుచున్నది. అయితే తీర్పులోని ప్రతి మాటకును ఈ బలము లేదు. తీర్పుకు ఆధారమైన కారణమేదో దానికే బలము. ప్రసంగవశమున న్యాయాధిపతి పలికిన తక్కిన మాటలు గౌరవింపదగినవేకాని కట్టివేయునవి కావు. ఈ భేదము తెలిసికొన్నచో విషయము సగము తెలిసినట్లే.

ఇందుకు దక్షిణదేశమున మిక్కిలి ప్రసిద్ధమైన వ్యాజ్యెమొకటి కలదు. రామనాథపురము జమీందారు పుత్రసంతానము లేక గతించెను. ఆయన భార్య, భర్త అనుమతి యిచ్చినట్లు రుజువు లేకున్నను, జ్ఞాతుల సమ్మతితో ఒక బాలుని దత్తు తీసికొనెను. ఈ దత్తత చెల్లదు, జమీ సర్కారునకే చెందవలెనని మదుర కలెక్టరు వాదించెను. ఆ వ్యాజ్యెము లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయి 1868వ సంవత్సరమున తీరెను. దత్తతను గురించి మూలగ్రంథముల అర్థము దేశమునకొక విధముగా చెప్పబడుచున్నది. కావున ప్రాచీన వాక్యమునుండి ఏమి లాగవచ్చునని కాక, ఆ దేశమున ఏ అర్థము అంగీకరింపబడి ఆచారముచే స్థిరపడినదని న్యాయాధిపతి చూడవలెను. స్పష్టముగా రుజువైన ఆచారము గ్రంథవాక్యముకంటె బలమైనది. ఇదియే ఆ తీర్పు సారము. ద్రావిడదేశమున విధవ జ్ఞాతుల అనుమతితో దత్తు తీసికొనవచ్చునని నిర్ణయమాయెను. సర్కారు ఓడెను, దత్తపుత్రుడు నిలిచెను.

ఎనిమిది సంవత్సరములకు, 1876లో, గంజాము జిల్లాలోని చిన్నకిమిడి జమీ వ్యాజ్యెము అదే ప్రీవీ కౌన్సిలు ఎదుటికి వచ్చెను. జ్ఞాతుల అనుమతి యన్నంతమాత్రమున ఏ జ్ఞాతి అనుమతియైనను చాలునా? కుటుంబము అవిభక్తమై యున్నపుడు అనుమతిని ఆ కుటుంబములోనే వెదకవలెనుగాని, వేరుపడిన దూరపు జ్ఞాతి అనుమతి చాలదని అందు చెప్పిరి. ఇచ్చట గమనింపవలసినదేమన, వారు రామనాథపురపు తీర్పును కాదనలేదు. జ్ఞాతుల అనుమతి ఎందుకు కావలెను, దానివలన ఎవరి హక్కు మారును అని దాని కారణమును వెదకి, ఆ కారణమునుబట్టి హద్దు నిర్ణయించిరి. పూర్వనిర్ణయమును అనుసరించుటయనగా దాని అక్షరమును మోయుట కాదు, దాని కారణమును గ్రహించుట.

మరి రామనాథపురపు తీర్పు నేడును చెల్లునా? దత్తత విషయమున చెల్లదు. 1956లో హిందువుల దత్తతను గురించి చట్టము వచ్చినది. దాని ప్రకారము విధవ తన స్వంత హక్కుతోనే దత్తు తీసికొనవచ్చును. జ్ఞాతుల అనుమతితో పనిలేదు. ఎనుబదియెనిమిది సంవత్సరములు నడచిన త్రోవ శాసనము వచ్చుటతో ముగిసెను. ఆచారము గ్రంథవాక్యముకంటె బలమైనదన్న మాట ప్రాచీన ధర్మగ్రంథములకు సంబంధించినదేకాని శాసనసభలు చేసిన చట్టములకు సంబంధించినది కాదు. అదే 1956లో వచ్చిన హిందూ వారసత్వ చట్టము, తాను విధించిన విషయములలో అంతకుముందున్న ఆచారమునకు చెల్లుబడి లేదని స్పష్టముగా చెప్పినది.

ఈ మాట మన ఇండ్లలోనికి వచ్చునప్పటికి కష్టముగా తోచును. “మా ఇంట ఆడపిల్లకు భూమి ఇచ్చు ఆనవాయితీ లేదు” అని ఎంతమంది అనగా వినలేదు? కావున ఆ సంగతి కొంచెము విపులముగా చెప్పెదను.

1956 చట్టము కుమార్తెకు తండ్రి ఆస్తిలో కొంత భాగమిచ్చెనుగాని, అవిభక్త కుటుంబపు పిత్రార్జితములో కుమారునికివలె పుట్టుకతో వచ్చు హక్కును ఇయ్యలేదు. ఆ హక్కును ఆంధ్రప్రదేశ రాష్ట్రము 1985 సెప్టెంబరు 5వ తేదీ నుండి అమలునకు వచ్చునట్లు చట్టము చేసి, ఆ తేదీకి పూర్వమే వివాహమైనవారికి దక్క, కుమార్తెలకు ఇచ్చెను. ఒక శాసనసభ చేసినది మరియొక శాసనసభను కట్టివేయదు. అయినను ఒకరు నడచిన దారి ఇతరులకు ధైర్యమిచ్చును. 1989లో తమిళనాడు, 1994లో కర్ణాటక, మహారాష్ట్రములు ఇట్టి చట్టములే చేసెను. తుదకు 2005 సెప్టెంబరు 9వ తేదీ నుండి దేశమంతటికిని, వివాహితయను భేదము లేకుండ, కేంద్ర చట్టము వచ్చెను. రాజకీయములలో పూర్వోదాహరణము పనిచేయు తీరు ఇదియే. అది ఆజ్ఞాపింపదు, “ఇది జరుగదగినదే, జరిగినది కూడ” అని చూపును.

చట్టము వచ్చినను చిక్కు తీరలేదు. 2015లో సుప్రీముకోర్టులో ఇద్దరు న్యాయాధిపతులు, 2005 సెప్టెంబరు 9వ తేదీన తండ్రియు కుమార్తెయు ఇద్దరును సజీవులై యున్ననే ఈ హక్కు కలుగునని చెప్పిరి. అంతకు ముందే తండ్రిని పోగొట్టుకొన్న ఆడబిడ్డలకు ఆ తీర్పు అడ్డుగోడ యాయెను. క్రింది కోర్టులు దానిని అనుసరింపవలసియే వచ్చెను. 2018లో మరి ఇద్దరు న్యాయాధిపతులు, తండ్రి 2001లోనే మరణించిన వ్యాజ్యెములో కుమార్తెలకు భాగమిచ్చిరి. ఒకే కోర్టునుండి రెండు దారులు! అప్పుడు విషయము ముగ్గురు న్యాయాధిపతుల ఎదుటికి పోయెను. 2020 ఆగస్టు 11వ తేదీన వారు, ఈ హక్కు పుట్టుకతో వచ్చునదిగాని తండ్రి మరణముతో వచ్చునది కాదు, కావున ఆ తేదీన తండ్రి బ్రతికియుండవలెనను నియమము లేదని నిర్ణయించి, 2015 నాటి తీర్పును కొట్టివేసిరి. 2004 డిసెంబరు 20వ తేదీకి పూర్వమే రిజిస్టరు దస్తావేజు మూలముననో, కోర్టు డిక్రీ మూలముననో జరిగిన పంపకములు మాత్రము కదలవు. నోటిమాటగా జరిగినదని చెప్పు పంపకము, సర్కారు రికార్డుల వంటి గట్టి ఆధారము లేనిది నిలువదు.

చూడుడు, తప్పును దిద్దిన రీతి ఎట్టిదో! ముందటి తీర్పును చూడనట్లు నటింపలేదు. దానిని ఎదుట పెట్టుకొని, దాని కారణమును పరీక్షించి, అది ఏల నిలువదో చెప్పి, అంతకంటె పెద్ద పీఠము దానిని తొలగించెను. ఇంగ్లండులోని ప్రభువుల సభ తన పూర్వనిర్ణయములు తనకే మార్చరానివని 1898లో చెప్పుకొని, 1966లో ఆ కట్టును తానే సడలించుకొనెను. మన సుప్రీముకోర్టు తన నిర్ణయమును తాను మరల పరిశీలింపవచ్చునని 1955లోనే చెప్పినది. స్థిరత్వము కావలెను, కాని తప్పునకు స్థిరత్వము వలదు.

వ్రాతలో లేని పూర్వోదాహరణములును కలవు. అమెరికాలో మొదటి అధ్యక్షుడగు జార్జి వాషింగ్టను రెండుమార్లు పదవి నిర్వహించి, మూడవమారు వలదని 1796లో ప్రకటించెను. అట్లు చేయవలెనని ఏ చట్టమును లేదు. అయినను ఒక మనుష్యుని సంయమము 1940 వరకు మర్యాదగా నిలిచెను. ఆ యేట ఫ్రాంక్లిను రూజ్వెల్టు మూడవమారును, 1944లో నాలుగవమారును ఎన్నికయ్యెను. మర్యాద తెగిన పిమ్మట మాటమీద నమ్మకము చాలక, 1951లో దానిని రాజ్యాంగములోనే వ్రాసికొనవలసి వచ్చెను. మర్యాదను కట్టుటకు ఒకరు చాలును. తెంచుటకును ఒకరే చాలును.

సంఘాచారములో దీనికి ప్రతియగు సంగతియు కలదు. విధవావివాహము చెల్లునని 1856లోనే చట్టము వచ్చెను. కాని తెలుగుదేశమున చట్టమున్నను, ఇదిగో జరిగినదని చూపుటకు ఒక పెండ్లి కావలసియుండెను. కందుకూరి వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున ఆ వివాహము జరిపించిరి. వెలి భయమును, నిందలును వారు సహింపవలసి వచ్చెను. ఇరువదియైదు సంవత్సరములు కాగితముపై నున్న హక్కు ఒక్క పందిరితో కన్నులకు కనబడెను. మొదటి పెండ్లికి కావలసినంత ధైర్యము రెండవదానికి అక్కరలేదు. ఆనవాయితీ లేదని అడ్డుచెప్పువారికి సమాధానమిదియే: ప్రతి ఆనవాయితీకిని ఒక మొదటి దినము కలదు.

ఇక రచ్చబండకు మరలి వత్తము. పెద్దలు చెప్పునది మధ్యస్థపు మాట. ఇరుపక్షములును సమ్మతించిననే నిలుచును. హక్కులను తేల్చుట న్యాయస్థానముల పని. అయినను కోర్టు మెట్లెక్కలేని ఆడబిడ్డకు మీ మాటయే కడపటి తీర్పగుట పెక్కుచోట్ల కలదు. అన్నదమ్ములు కాగితముపై వ్రేలిముద్ర వేయుమన్నపుడు ఆమె మీ ముఖమువంక చూచును. అప్పుడు “మామూలు ఏమి?” అని మాత్రమే అడిగి ఊరకుండరాదు. ఆ మామూలు ఏ కారణమున పుట్టినది? ఆ కారణము నేడును ఉన్నదా? నాటి సంగతియు నేటి సంగతియు నిజముగా ఒకటేనా? నడుమ చట్టమేదైన వచ్చినదా? ఈ నాలుగును అడిగి చూచినచో, నీళ్ల వంతు మామూలు నిలుచును. ఏలయనగా కరవునాడు అందరికిని నీరందవలెనను దాని కారణము నేడును ఉన్నది. ఆడబిడ్డ భాగము నిరాకరించు మామూలు నిలువదు. దానిని చట్టము తొలగించినది.

మరియొక మనవి. ఏ తగవు తీర్చినను, దాని కారణమును నాలుగు పంక్తులలో తేదీతో వ్రాసియుంచుడు. జ్ఞాపకము మనుష్యునితో పోవును; కారణము లేని నిర్ణయము మొండిపట్టుగా మారును. ఒకరికి చెప్పిన తీర్పు ఇంకను పుట్టనివారికి కూడ చెప్పినట్లే. వారు రేపు వచ్చి, “నాడు పెద్దలేమి చేసిరి?” అని అడిగినపుడు, మన పేరు కాదు, మన కారణము వారికి సమాధానము చెప్పవలెను.