ఉప్పునీటి తొట్టెకు పంపు కొంటున్నారా?

హాల్లో ఒక మూల గాజుతొట్టె, అందులో నారింజరంగు మీద తెల్లచారల క్లౌన్ చేపలు అటూ ఇటూ తిరుగుతుంటే, ఇంటికి వచ్చినవాళ్లు కాఫీ చల్లారేదాకా అక్కడే నిలబడిపోతారు. అయితే ఈ సముద్రపు చేపలను పెంచాలనుకునే సోదరీమణులు చేపలను ఎంచుకోవడంలో చూపే శ్రద్ధ పంపు దగ్గర చూపరు. నేనూ అంతే. పాత ఎయిర్‌కూలర్ పంపు ఇంట్లో పడి ఉంది కదా, కొత్తది దండగెందుకని దాన్నే తొట్టెలో దించాను. నాలుగు నెలలు బాగానే తిరిగింది. ఒక రాత్రి ఆగిపోయింది. తెల్లారి చూద్దునుకదా, ఒక చేప నీటిమీద తేలి ఉంది. రెండోది పైకొచ్చి నోరు తెరిచి ఆయాసపడుతోంది. పంపు విప్పితే లోపలి ఇనుప కడ్డీ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఆరోజు మా అబ్బాయి అన్నం ముట్టలేదు.

పంపు ఆగితే చేప ఎందుకు చచ్చిపోవాలి అంటారా? చేపకు కావలసిన ప్రాణవాయువు నీటి పైభాగం నుంచి లోపలికి దిగాలి. సముద్రంలో ఆ పని అలలు చేస్తాయి. తొట్టెలో అలలేవీ? పైగా మంచినీటితో పోలిస్తే ఉప్పునీటిలో ప్రాణవాయువు సుమారు ఐదోవంతు తక్కువ కరుగుతుంది. నీరు వేడెక్కినకొద్దీ ఇంకా తగ్గుతుంది. చేపల మలినాన్ని హరించే సూక్ష్మజీవులు రాళ్లమీద కాపురముంటాయి, వాటికీ అదే కావాలి. అందుచేత నీటిపైన ఎప్పుడూ చిన్న చిన్న తరగలు లేస్తుండేట్టు పంపు మూతిని కాస్త పైకి తిప్పి పెట్టాలన్నమాట.

ఇక ఎంత పంపు? 3 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న తొట్టె అంచుదాకా నింపితే 190 లీటర్లు పడుతుంది. రాళ్లూ ఇసుకా పోగా 150 అనుకోండి. చేపలు మాత్రమే ఉండే తొట్టెలో ఆ నీరు గంటకు పది, పదిహేనుసార్లు కదిలితే చాలు. అంటే 1500 నుంచి 2250 లీటర్లు. రాతిపగడాలకైతే ఇంకా ఉధృతంగా ఉండాలి. కానీ మన దేశంలో వాటికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఎవరైనా అమ్మజూపినా కొనకండి.

ఈ పనికి తొట్టె లోపలే గోడకు అతుక్కునే పవర్‌హెడ్ అనే పంపు సరిపోతుంది. నా సలహా ఏమిటంటే, 2000 లీటర్లది ఒకటి కొనే బదులు 1000 లీటర్లవి రెండు కొనండి. ఎదురెదురు మూలల్లో పెడితే మలినం ఏ మూలా పేరుకోదు. ఒకటి ఆగినా రెండోది చేపలను కాపాడుతుంది. ఇసుక ఎగిరిపోతున్నా, చేపలు రాళ్ల వెనకే నక్కి ఉన్నా జోరు ఎక్కువైందని గ్రహించండి. నీటిపైన జిడ్డుపొర కడితే తక్కువైనట్టు.

తొట్టె కింద అలమరలో మరో చిన్న తొట్టె పెట్టి, అక్కడ వడపోసిన నీటిని పైకి ఎక్కించే పద్ధతి ఒకటుంది. దాన్ని కూడా సంపు అనే అంటారు, మన ఇంటిముందు భూమిలో ఉండే నీళ్ల సంపు కాదులెండి. ఈ పంపు దగ్గరే చాలామంది మోసపోతారు. డబ్బామీద గంటకు 2000 లీటర్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది నీటిని పైకి ఎత్తే పనే లేనప్పటి లెక్క. పక్కనే చిన్న అక్షరాల్లో హెడ్ 2 మీటర్లు అని ఉంటుంది. 2 మీటర్ల ఎత్తుకు చేరేసరికి ధార సున్నా అని దాని అర్థం! మీ తొట్టెకు నాలుగడుగులు ఎక్కించాలంటే సగం కూడా రాకపోవచ్చు. గొట్టం వంపులూ కొంత తినేస్తాయి. మనం చెప్పుకున్న తొట్టెకు పైకి చేరవలసింది గంటకు 750 లీటర్లు. ఇంట్లో 15 లీటర్ల బకెట్టు ఉందా? పై గొట్టం కింద పట్టి గడియారం చూడండి. 72 సెకన్లలో నిండితే లెక్క సరిపోయింది.

ఇంకొక ముప్పు. కరెంటు పోగానే పంపు ఆగుతుంది గాని నీరు ఆగదు. డ్రమ్ములోంచి కిరసనాయిలు గొట్టంతో లాగినట్టు, పై తొట్టె నీరు అదే గొట్టంగుండా వెనక్కి దిగి, సంపు పొంగి హాలంతా పారుతుంది. కింది వాటావాళ్లు తలుపు కొట్టేదాకా మనకు తెలియదు. పై తొట్టెలో మునిగిన గొట్టానికి నీటిమట్టానికి కొంచెం దిగువన చిన్న బెజ్జం వేస్తే, మట్టం అక్కడికి దిగగానే గాలి జొరబడి ధార తెగుతుంది. బెజ్జం పాచితో మూసుకోకుండా చూడండి. మీరు ఎదురుగా ఉండగానే ఒకసారి స్విచ్ ఆపి పరీక్ష చెయ్యండి.

కొనేటప్పుడు ఉప్పునీటికి పనికొస్తుందని రాసి ఉందా, లోపలి కడ్డీ పింగాణీదేనా అని అడగండి. నీరు తగిలేచోట ఇనుము, రాగి, ఇత్తడి ఏవీ ఉండకూడదు. 40 వాట్ల పంపు రాత్రింబగళ్లు తిరిగితే నెలకు 29 యూనిట్లు. అదీగాక నీటిలో మునిగిన పంపు నీటిని వేడెక్కిస్తుంది, మన ఎండల్లో అది చిన్న సంగతి కాదు. తక్కువ వాట్లతో నడిచే డి.సి. పంపు ఖరీదైనా నేను దానికే ఓటేస్తాను. కరెంటు పోయినప్పుడు ఒక్క పంపైనా ఇన్వర్టరు మీద నడవాలి. లేదా బ్యాటరీతో పనిచేసే గాలిపంపు ఒకటి దగ్గర పెట్టుకోండి.

వైరు ప్లగ్గుకంటే కిందికి ఉయ్యాలలా వేలాడి మళ్లీ పైకి పోవాలి. అప్పుడు వైరు వెంట జారిన ఉప్పునీటి చుక్క అడుగునే రాలిపోతుంది. స్విచ్ ఆపి ప్లగ్గు తీసేదాకా తొట్టెలో చెయ్యి పెట్టకండి.

మూడు నెలలకోసారి పంపు విప్పి, వెనిగరూ నీరూ సమంగా కలిపి నానబెడితే సున్నం కరుగుతుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది మంచినీటితో కడగండి, సబ్బు వద్దు. లోపల తిరిగే రెక్కల చక్రం, దాన్నే ఇంపెల్లర్ అంటారు, పంపుతోపాటే విడిగా ఒకటి కొని దాచుకోండి. ఆ మోడల్ రావడం మానేశాక బజారంతా తిరిగినా దొరకదు.