దురదే కదా అని ఊరుకోవద్దు

7వ నెల వచ్చాక కొందరు గర్భిణులకు అరచేతులు, అరికాళ్లు బాగా దురద పెడతాయి. దద్దుర్లు ఉండవు. రాత్రిళ్లు నిద్ర పట్టదు. "కడుపుతో ఉంటే మామూలేలే" అంటారు ఇంట్లోవాళ్లు.

అన్నిసార్లూ మామూలు కాదు. కాలేయంలో, అంటే కార్జంలో, పైత్యరసం తయారవుతుంది. అది పేగుల్లోకి పోవాలి. సరిగా పోకపోతే రక్తంలో చేరుతుంది. అప్పుడు ఇలా దురద పుడుతుంది.

పైన వేపాకు రాస్తే ఇది పోదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తపరీక్ష చేస్తారు. దురద తగ్గడానికి మాత్రలు రాస్తారు. రక్తంలో పైత్యం మరీ పెరిగితే కడుపులో బిడ్డ ప్రాణానికే ముప్పు. అప్పుడు డాక్టర్లు నెలలు నిండకముందే కాన్పు చేస్తారు. కాన్పు అయ్యాక దురద తగ్గిపోతుంది.

బిడ్డ కదలికలు తగ్గితే మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు.