చివరి అంకె మారిస్తే ఏమవుతుంది?

పోయిన నెల మా చెల్లి ఫీజు రసీదు డౌన్‌లోడ్ చేయమంది. కొత్తపేటలోనే ఒక కోచింగ్ సెంటర్, పేరు వద్దులెండి. చెల్లి లాగిన్‌తో వెళ్ళి చూస్తే అడ్రస్ బార్ చివర్లో రసీదు నంబర్ ఉంది, చివరి అంకె 6. ఊరికే 7 చేశా. ఇంకెవరో అమ్మాయి రసీదు వచ్చింది. పేరు, వాళ్ళ నాన్న ఫోన్ నంబర్, ఇంటి అడ్రస్, అన్నీ.

దీన్ని ఐడార్ అంటారు. హాస్టల్ గేట్ దగ్గర వాచ్‌మన్ ఐడీ కార్డు చూసే లోపలికి పంపిస్తాడు, కానీ లోపల ఏ గదికీ తాళం లేదనుకోండి, అలాంటిదే. సైట్ "నువ్వెవరు?" అని అడిగింది గానీ "ఈ రసీదు నీదేనా?" అని అడగలేదు. ఇదేమీ అరుదైన తప్పు కాదు. ఓవాస్ప్ సంస్థ 2017లో వేసిన టాప్ 10 లిస్టులో యాక్సెస్ కంట్రోల్ లోపాలు ఐదో స్థానంలో ఉంటే, 2021కి మొదటి స్థానానికొచ్చాయి. డీబీఎంఎస్ ల్యాబ్‌లో మనం రాసే క్వెరీలో, లాగిన్ అయిన స్టూడెంట్ ఐడీతో ఒక్క కండిషన్ కలిపితే చాలు, ఇది ఆగిపోతుంది.

నిజం చెప్పాలంటే, మొత్తం ఎన్ని రసీదులు తెరుచుకుంటాయో చూద్దామని పైథాన్‌లో లూప్ రాయడం మొదలుపెట్టా. నాలుగు లైన్ల పని. అప్పుడే హాక్ ఐ కేసు గుర్తొచ్చింది. తెలంగాణ పోలీసుల ఆ యాప్ డేటా ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాడని 2024 జూన్‌లో గ్రేటర్ నోయిడాలో ఒక స్టూడెంట్‌ని అరెస్ట్ చేశారు. వయసు 20. నాకంటే ఒక్క ఏడాది పెద్ద! నేను అమ్మబోవట్లేదు, కరెక్టే. కానీ అనుమతి లేకుండా సిస్టమ్‌లో డేటా తీస్తే ఐటీ చట్టం సెక్షన్ 43 కింద నష్టపరిహారం కట్టాలి. దురుద్దేశం ఉందని తేలితే సెక్షన్ 66 కింద మూడేళ్ళ వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. బగ్ బౌంటీ పెట్టే కంపెనీలు ఎక్కడి వరకు వెతకొచ్చో ముందే రాసి ఇస్తాయి. మన గల్లీ కోచింగ్ సెంటర్ ఏం రాసిచ్చింది?

లూప్ డిలీట్ చేసి ఆఫీసుకెళ్ళా. సార్ మొదటి ప్రశ్న: "అంటే నువ్వు హ్యాక్ చేశావా?" చెమటలు పట్టాయి. ఇంటికొచ్చి కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి మెయిల్ పెట్టా. ఏ పేజీ, ఏ అంకె మార్చాను, ఏం కనిపించింది, అంతే. ఆ అమ్మాయి వివరాలేవీ పంపలేదు.

ప్రాక్టీస్ కావాలంటే ఓవాస్ప్ జ్యూస్ షాప్ ఉంది, పగలగొట్టడానికే తయారుచేసిన సైట్. హైదరాబాద్‌లో నల్, ఓవాస్ప్ చాప్టర్లున్నాయి, మీటింగ్‌లకి ఫీజు లేదు. తర్వాతి మీటింగ్‌కి నేను వెళ్తున్నా, వచ్చేవాళ్ళు విక్టోరియా మెమోరియల్ మెట్రో దగ్గర కలవండి.

వారం తర్వాత చూస్తే చెల్లి రసీదు లింక్‌లో నంబర్ బదులు పొడవాటి అక్షరాల గుంపు ఉంది. లాగౌట్ చేసి, అదే లింక్ మళ్ళీ పెట్టా.

తెరుచుకుంది. రెండో మెయిల్ రాస్తున్నా.