గండం గడిచినా గాయం మిగిలే ఉంటుంది

ఘోర ప్రమాదం నుంచి ఎవరైనా బతికి బయటపడితే 'భూమ్మీద ఇంకా నూకలున్నాయి' అంటాం. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కరే బతికారని తెలిసినప్పుడు అలా అనుకోని వారు అరుదు. కాని ప్రాణం దక్కినంత మాత్రాన కష్టం తీరినట్లు కాదు. ఒళ్లు, మనసు రెండూ కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. కొన్ని గాయాలు జీవితాంతం వెంట ఉంటాయి.

ఈ సంగతిని వైద్యులు శ్రద్ధగా పరిశీలించిన ఉదంతం ఒకటి ఇంగ్లండులో జరిగింది. 1989 జనవరి 8వ తేదీ రాత్రి లండన్ నుంచి బెల్‌ఫాస్ట్ వెళ్తున్న విమానంలో ఎడమ ఇంజను రెక్క ఒకటి విరిగింది. పైలట్లు పొరపాటున బాగా ఉన్న కుడి ఇంజనును ఆపేశారు. దగ్గరలోని విమానాశ్రయంలో దిగబోతూ, కెగ్‌వర్త్ అనే గ్రామం వద్ద విమానం పెద్ద రహదారి గట్టుకు గుద్దుకుని ముక్కలయింది. అందులోని 126 మందిలో 47 మంది మరణించారు. బతికిన 79 మందిలో 74 మందికి తీవ్రమైన గాయాలయ్యాయి.

ఎక్కువ దెబ్బలు కాళ్లకు, తుంటికి, తలకు తగిలినట్లు వైద్యులు గుర్తించారు. విమానం గుద్దుకున్నప్పుడు కాళ్లు ముందుకు విసురుగా వెళ్లి ఎముకలు విరిగాయి. తలలు ముందు సీటుకు కొట్టుకున్నాయి. పై అరల్లోని సామాను మీద పడింది. ఈ పరిశీలన ఫలితంగానే ప్రమాద సమయంలో తల వంచి ముందు సీటుకు ఆనించాలని, పాదాలు వెనక్కి తీసి నేలకు ఆనించాలని ప్రయాణికులకు చెప్పే పద్ధతి స్థిరపడింది.

ఎముక అతికినా...

విరిగిన ఎముక కొన్ని నెలల్లో అతుకుతుంది. అయితే విరుగుడు కీలు లోపలికి పాకితే, ఏళ్లు గడిచాక ఆ కీలు అరిగి వాతం నొప్పి మొదలవుతుంది. మోకాలు, చీలమండ దెబ్బతిన్నవారికి మెట్లెక్కడం, గొంతుక్కూర్చోవడం కష్టమవుతుంది. వెన్నుపూస నలిగితే నడుము నొప్పి వదలదు. తలకు దెబ్బ తగిలినవారిలో కొందరికి తలనొప్పి, మతిమరుపు, చీటికిమాటికి కోపం రావడం చాలాకాలం ఉంటాయి. కాలిన చోట చర్మం బిగుసుకుపోయి చేయి చాచలేకపోవచ్చు.

కంటికి కనబడని దెబ్బ

మనసుకు తగిలిన దెబ్బ ఎక్స్‌రేలో కనబడదు. కెగ్‌వర్త్ బాధితుల్లో ఎందరికో మొదటి ఏడాదిలోనే మానసిక వ్యాధి లక్షణాలు కనిపించాయి. ఆ క్షణం మళ్లీ కళ్ల ముందే జరుగుతున్నట్లు అనిపించడం, పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, ప్రయాణమంటేనే వణుకు ఈ జబ్బు గుర్తులు. 'పక్కనున్నవాడు పోయాడు, నేనెందుకు మిగిలాను?' అన్న బాధ కొందరిని లోలోపల తొలిచేస్తుంది. అది మరిచిపోవడానికి తాగుడుకు అలవాటు పడేవారూ ఉంటారు. కొందరిలో ఈ లక్షణాలు నెలల తరువాత గాని బయటపడవు.

అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు. చాలామంది కొద్ది వారాల్లో తేరుకుంటారు. నెల దాటినా నిద్ర పట్టక, పనిమీద మనసు నిలవకపోతే మాత్రం వైద్యుడికి చూపించాలి.

విమానం ఎక్కనివారికీ...

ఈ జబ్బు విమాన ప్రమాదాలతోనే రాదు. బస్సు బోల్తాపడినా, ట్రాక్టరు తిరగబడినా, వరదలో కొట్టుకుపోయి ఒడ్డున పడినా రావచ్చు. అప్పుడు 'దడుసుకున్నాడు' అని తాయెత్తు కట్టించి ఊరుకోవడం, 'మగవాడివి, భయమేమిటి?' అని గద్దించడం వల్ల మేలు జరగదు. ఇది పిరికితనం కాదు, వైద్యంతో నయమయ్యే జబ్బు. అనుభవమున్న వైద్యుల దగ్గర జరిగింది చెప్పుకుని, భయపడే పనిని కొద్దికొద్దిగా మళ్లీ అలవాటు చేసుకోవడం ఇందులో ముఖ్యమైన చికిత్స. అవసరమైతే మందులూ ఇస్తారు. నిద్రమాత్రలు సొంతంగా కొని మింగకూడదు.

జిల్లా ఆసుపత్రి వైద్యులను అడిగితే మానసిక వైద్యుల వద్దకు పంపుతారు. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా తెలుగులోనే సలహా దొరుకుతుంది. బాధపడే మనిషి తనంతట తాను అడగకపోవచ్చు. ఇంట్లోవారే నంబరు కలిపి, ఫోను చేతికివ్వాలి.