శిలారోహణ క్రీడ – నియమ విచారం

పందెం అనగానే మనకు వేగం స్ఫురిస్తుంది. పరుగులోనైనా పడవలోనైనా ముందుగా గమ్యం చేరినవాడే విజేత. కాని నెమ్మదిగా, ఆచితూచి నడపడాన్నే నేర్పుగా గణించే పోటీ ఒకటి ఉన్నది. అదే రిమోట్ కంట్రోల్‌తో నడిచే రాక్ క్రాలర్ ట్రక్కుల పోటీ. అమెరికాలోని రాతినేలల మీద మనుషులు కూర్చొని జీపులతో బండలెక్కే క్రీడ ఒకటి ప్రసిద్ధం. దానికి ఇది లఘురూపం. అసలు వాహనంలో సుమారు పదోవంతు పరిమాణం ఉండే ట్రక్కును వెంట నడుస్తూ, చేతిలోని రిమోట్‌తో రాళ్ళ మీదుగా దాటించాలి. ఈ క్రీడలో బండి ఎంత ప్రధానమో నియమమూ అంతే ప్రధానం. ఆ నియమాల చుట్టూ జరిగే వాదప్రతివాదాలు మనకు ఆలోచింపదగిన విషయాలను అందిస్తాయి.

ముందుగా బండి నిర్మాణాన్ని పరిశీలిద్దాం. మామూలు కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రంకంటె ఎక్కువ దూరం తిరగాలి. అందుకు వీలు కల్పించే భాగమే డిఫరెన్షియల్. అయితే రాళ్ళమీద ఒక చక్రం గాలిలోకి లేచిందంటే, ఆ చక్రమే వృథాగా గిరగిర తిరుగుతుంది. నేలమీది చక్రం కదలదు. కాబట్టి క్రాలర్లలో ఆ భాగాన్ని బిగించివేస్తారు. అప్పుడు రెండు చక్రాలూ సమంగా తిరుగుతాయి. దీనికి చెల్లించే మూల్యం లేకపోలేదు: బండి మలుపు తిరగడానికి ఎక్కువ చోటు కావాలి. ట్రాక్సాస్ సంస్థ 2017లో విడుదల చేసిన టి.ఆర్.ఎక్స్.-4 ట్రక్కులో ఈ బిగింపును రిమోట్‌తోనే వేయడానికీ, తీయడానికీ ఏర్పాటు చేశారు. ఇక నిట్టనిలువు బండ ఎక్కేటప్పుడు భారం వెనుకకు ఒరిగి ముందుచక్రాలు పైకి లేస్తాయి. బండి వెల్లకిల పడుతుంది. అది నివారించడానికి ముందుచక్రాలలో సీసపు బరువులు అమరుస్తారు. మెత్తని టైర్లు రాతి అంచులను పట్టుకొని ఉంటాయి.

ఇప్పుడు పోటీ జరిగే తీరు చూద్దాం. రాళ్ళ నడుమ జంటలు జంటలుగా గుర్తులు నిలుపుతారు. ఒక్కొక్క జంట ఒక గేటు. గేట్లను వరుస తప్పకుండా, నిర్ణీత సమయంలో దాటాలి. న్యాయనిర్ణేత పక్కనే ఉండి దోషాంకాలు వేస్తాడు. ప్రచారంలో ఉన్న ఒక పద్ధతి ప్రకారం బండిని వెనుకకు నడిపిన ప్రతిసారీ 1 దోషాంకం; గేటు గుర్తును తాకితే 10. దోషాంకాలు తక్కువ వచ్చినవారే విజేతలు. ఈ లెక్కలో ఒక నీతి దాగి ఉన్నది. ఇరుకైన గేటువద్ద మూడుసార్లు వెనుకకు వచ్చి, దారి సరిచూసుకొని దాటినవానికి 3 దోషాంకాలే. వెనుకడుగు వేయనని పంతానికి పోయి గుర్తును తాకినవానికి 10. తప్పు దిద్దుకోవడానికీ, తప్పు చేయడానికీ నడుమ ఉండవలసిన తారతమ్యాన్ని ఈ అంకెలు నిర్ణయిస్తున్నాయి.

నియమాలపై మొదటి వివాదం బండి రూపానికి సంబంధించినది. తొలినాళ్ళలో ఔత్సాహికులు ఇతర ట్రక్కులను విప్పి, మార్చి క్రాలర్లుగా మలచుకున్నారు. జపానుకు చెందిన టామియా సంస్థ 1987లో విడుదల చేసిన క్లాడ్ బస్టర్ అటువంటివాటిలో ఒకటి. దానికి నాలుగు చక్రాలూ పక్కకు తిరుగుతాయి. వెనుకచక్రాలు కూడా తిరిగే బండికి ఇరుకు దారి సులభమవుతుంది. మరి అటువంటి బండినీ, ముందుచక్రాలు మాత్రమే తిరిగే బండినీ ఒకే వరుసలో నిలపడం న్యాయమా? కొత్త కల్పనకు అడ్డుకట్ట వేయడం తగునా? ఇటువంటి ప్రశ్నలకు సమాధానంగానే తరగతులు ఏర్పడ్డాయి. చక్రపు రిమ్ము వ్యాసాన్నిబట్టి 1.9 అంగుళాలు, 2.2 అంగుళాలు అని విభజించారు. 2.2 తరగతిలో ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ నడుమ దూరం 12.5 అంగుళాలు మించరాదని హద్దు పెట్టారు. సమానుల నడుమ పోటీ జరిగినప్పుడే నేర్పు బయటపడుతుందన్నది దీనిలోని ఆంతర్యం.

రెండవ వివాదం మార్గానికి సంబంధించినది; ఇది మరింత జటిలమైనది. విద్యార్థులారా! ఒక సందర్భాన్ని ఊహించండి. ఎనిమిది బండ్లు ఒక గేటు దాటాయి. ఎనిమిదవ బండి తాకిడికి ఒక రాయి దొర్లి దారి మరింత ఇరుకైనది. తొమ్మిదవ పోటీదారు అభ్యంతరం చెప్పాడు. రాతిని తిరిగి అమర్చుదామంటే అది మునుపటివలెనే కూర్చున్నదని చెప్పగలవారెవరు? గేటునే రద్దు చేస్తే, దానిని నిర్దోషంగా దాటినవారి శ్రమ వృథా అవుతుంది. ఉన్నది ఉన్నట్లే దాటమంటే తొమ్మిదవవానికి నష్టం. ఎటు తీర్పు చెప్పినా ఎవరో ఒకరు నొచ్చుకొనక తప్పదు.

ఇటువంటి చోట వాదం తప్పదు. అయితే ఎటువంటి వాదం? మన ప్రాచీన న్యాయదర్శనం చర్చను మూడు విధాలుగా విభజించింది. సత్యం తెలుసుకోవడానికి చేసేది వాదం. ఎట్లాగైనా గెలవాలని చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం నిలుపుకొనక ఎదుటివారి మాటను ఖండించడానికే చేసేది వితండం. తొమ్మిదవవాడు “ఈ రాయి కదిలింది, ముందు దాటినవారికీ నాకూ దారి ఒకటి కాదు, దీనికి మార్గమేమి?” అని అడిగితే అది వాదం. తన దోషాంకాలు తగ్గించుకోవడానికే రాతిని సాకుగా చూపితే అది జల్పం. ఏ పరిష్కారం చూపినా కాదంటూ పోతే అది వితండం. ఆడలేక మద్దెల ఓడన్న సామెత చివరి ఇద్దరికీ వర్తిస్తుంది, మొదటివానికి వర్తించదు. ఎందుకంటే ఒక్కొక్కసారి మద్దెల నిజంగానే ఓడుగా ఉంటుంది. అభ్యంతరం చెప్పిన ప్రతివానినీ ఓటమి ఓర్వలేనివాడని తీసివేయడం కూడా అన్యాయమే.

మరి పరిష్కారమేమి? రాయి కదిలితే ఏం చేయాలన్నది పోటీకి ముందే నిర్ణయించుకోవడం ఉత్తమం. ఎవరి వంతు ఎప్పుడు వస్తుందో తెలియనప్పుడు చేసుకున్న నియమంలో స్వార్థానికి చోటు తక్కువ. వంతులను చీట్లు తీసి నిర్ణయిస్తే, తరువాత వచ్చిన కష్టం ఒకరు మరొకరికి చేసిన అన్యాయం కాబోదు. మార్గాన్ని ఏర్పరచినవారు అందులో పోటీపడకపోవడం ఇంకా మంచిది. ఆట నడుమ బయటపడిన లోపాన్ని గుర్తుంచుకొని, అందరి ఎదుట చర్చించి, రాబోయే పోటీకి నియమాన్ని సవరించుకోవాలి. ఆనాటి పోటీకి మాత్రం ముందుగా ఒప్పుకున్నదే ప్రమాణం.

బొమ్మబండ్ల ఆటకు ఇంత విచారం అవసరమా అని కొందరికి అనిపించవచ్చు. కాని మన వీధిలోని క్రికెట్టులో అవుటా కాదా అని తగవు వచ్చినప్పుడూ, పెద్ద సభలలో చట్టం రూపుదిద్దుకొనేటప్పుడూ ఎదురయ్యే ప్రశ్న ఇదే. నియమం అంటే బలవంతుడు విధించే ఆజ్ఞ కాదు. సమానులు ముందుగా చేసుకున్న ఒడంబడిక. తనకు నష్టం కలిగినప్పుడు కూడా ఆ ఒడంబడికకు కట్టుబడి, తరువాత దానిని సహేతుకంగా ప్రశ్నించగలవాడే నిజమైన క్రీడాకారుడు. బండ ఎక్కడానికి చక్రాలకు పట్టు ఎంత అవసరమో, ఆటకు ఈ నిబద్ధత అంత అవసరం.