నల్ల హంస మిగిల్చిన ప్రశ్న

అమెరికా నల్లజాతి చరిత్ర పాఠాన్ని నేను ఒక గ్రామఫోన్ రికార్డుల కంపెనీ కథతో మొదలుపెడతాను. దాని పేరు బ్లాక్ స్వాన్, అంటే నల్ల హంస. పుట్టిన మూడేళ్లలోపే అది దివాలా తీసింది.

1920లో మేమీ స్మిత్ పాడిన 'క్రేజీ బ్లూస్' విపరీతంగా అమ్ముడుపోయింది. నల్లవారు రికార్డులు కొనరన్న తెల్ల వ్యాపారుల అంచనా తలకిందులైంది. అయినా గొంతు నల్లవారిది, లాభం తెల్లవారిది. ఈ అన్యాయానికి జవాబుగా హ్యారీ పేస్ 1921లో న్యూయార్క్‌లో సొంత కంపెనీ స్థాపించారు. బానిసత్వంలో పుట్టి మహాగాయనిగా ఎదిగిన ఎలిజబెత్ టేలర్ గ్రీన్‌ఫీల్డ్ బిరుదునే దానికి పెట్టారు. పేస్‌కు చదువు చెప్పిన డుబోయిస్ డైరెక్టర్లలో ఒకరయ్యారు. ఎథెల్ వాటర్స్ పాడిన 'డౌన్ హోమ్ బ్లూస్' కంపెనీని నిలబెట్టింది.

తెల్ల కంపెనీలు నల్ల గొంతుల నుంచి ప్రధానంగా హాస్యాన్నీ, బ్లూస్‌నూ కోరేవి. పేస్ ఒపెరా, శాస్త్రీయ గీతాలను కూడా పాడించారు. తమ జాతి అన్నిటికీ సమర్థమని నిరూపించాలన్న ఆ తపన న్యాయమైనదే. కానీ ఆ తపనే ఒక జల్లెడగా మారింది. పేదల పాటను పేదల గొంతుతోనే పాడిన బెస్సీ స్మిత్‌ను ఆ కంపెనీ తిరస్కరించింది. 1923లో ఆమెను తీసుకున్న కొలంబియా తొలి రికార్డునే లక్షల్లో అమ్ముకుంది.

మరో వైచిత్రి ఉంది. అసలైన నల్లజాతి రికార్డులు తమవేనని ప్రకటించుకున్న సంస్థే, తెల్ల కళాకారుల రికార్డులకు మారుపేర్లు తగిలించి విడుదల చేసింది. పెద్ద కంపెనీల పోటీకి రేడియో తోడైంది. 1923 చివరికి దివాలా. 1924లో దాని పాటలు తెల్లవారి పారామౌంట్ చేతికి వెళ్లాయి.

ఆ డుబోయిస్‌కే 1946లో అంబేడ్కర్ లేఖ రాశారు. ఆ రెండు పోరాటాల బంధుత్వాన్ని మనం గర్వంగా చెప్పుకుంటాం. వాటి పొరపాట్ల నుంచి కూడా నేర్చుకోవాలి. నా సెమినార్‌లో ఒక దళిత విద్యార్థిని తన ఊరి మాటలో మాట్లాడుతుంటే, "ప్రామాణిక భాషలో చెప్పమ్మా" అన్నాను ఒకసారి. ఆమె మిగతా ప్రసంగం ముక్తసరిగా ముగించింది. ఆ రోజు తలుపు దగ్గర కాపలా ఉన్నది నేనే.

సంస్థ మనదవడం పెద్ద విజయం. అందులోకి ఎవరి గొంతును రానివ్వాలో తేల్చే కొలబద్ద ఎవరిదన్నది, గెలిచాక కూడా అడగాల్సిన ప్రశ్న.