జెట్టు విమానం దిగేటప్పుడు



మా జహీరాబాదులో మిద్దె మీద వడియాలు పెట్టుకుంటూ ఉంటే ఒక్కోసారి బీదరు వైపునుంచి ఉరుములాంటి చప్పుడొస్తుంది. అక్కడ వైమానిక దళం వారి శిక్షణ కేంద్రం ఉంది. మొన్న పక్కింటావిడ తలెత్తి చూసి, "ఎగరడం సరే, అంత వేగంగా పోయేది దిగేదెట్లాగండీ?" అని అడిగింది. నిజానికి కష్టమంతా అక్కడే ఉంది. అది తెలియాలంటే మన దేశానికి వచ్చిన మొదటి జెట్టు యుద్ధవిమానం కథ చెప్పుకోవాలి.

దాని పేరు వాంపైర్. రక్తం పీల్చే పిశాచమని అర్థం. పేరే అంత భయంకరం గానీ, చూస్తే కోడిగుడ్డుకు రెక్కలు అతికించినట్టు ఉంటుంది. వెనక తోకను పట్టుకుని రెండు కాడలు. ఆ గుడ్డు భాగం దేనితో చేశారనుకున్నారు? ప్లైవుడ్డు చెక్కతో! ఇంగ్లండులో డి హావిలండ్ కంపెనీ వారు తయారుచేస్తే 1943 సెప్టెంబరు 20న మొదటిసారి ఎగిరింది. 1948లో మన దేశానికి వచ్చింది. తర్వాత బెంగుళూరు హిందుస్తాన్ కర్మాగారంలో మనవాళ్లే వీటిని తయారుచేశారు. మన హైదరాబాదు పక్కన హకీంపేటలో ఎందరో కుర్రవాళ్లు జెట్టు నడపడం నేర్చుకున్నది రెండు సీట్ల వాంపైర్ మీదనే.

ఇక దిగడం సంగతి. పంఖా ఉన్న పాత విమానాల్లో పైలటు ఇంజను పెంచగానే పంఖా గాలిని రెక్కల మీదికి విసురుతుంది. విమానం వెంటనే తేలుతుంది. జెట్టులో ఆ సౌకర్యం లేదు. లోపల బరువైన చక్రం ఒకటి గిర్రున తిరిగి గాలిని కూరితేనే ఇంధనం సరిగా మండుతుంది. ఆ చక్రం మెల్లగా తిరుగుతున్నప్పుడు ఒక్కసారిగా ఇంధనం పోస్తే ఏమవుతుంది? ఒకప్పటి పంపు స్టవ్వు గుర్తుంది కదా. బర్నరు వేడెక్కకముందే తొందరపడి పంపు కొడితే పచ్చమంట భగ్గున లేచి గిన్నెలన్నీ మసి! ఇదీ అంతే. ఇంజను మాడిపోతుంది, లేదా ఆరిపోతుంది. అందుకని నిదానంగా పెంచుకోవాలి. తొలి జెట్లకు పూర్తి బలం రావడానికి కొన్ని సెకన్లు పట్టేది. కొన్ని సెకన్లే కదా అనిపిస్తుంది. గంటకు 160 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 44 మీటర్లు. అయిదు సెకన్లలో 220 మీటర్లు ముందుకు పోతుంది, ఆ లోపల కిందికీ జారిపోతుంది.

ఈ ఆలస్యం ఎంత పని చేస్తుందో ఎరిక్ బ్రౌన్ అనే బ్రిటిషు నౌకాదళ పైలటు అనుభవించాడు. సామాన్యుడు కాడు. ఓడ మీద మొట్టమొదట జెట్టును దింపింది ఆయనే, 1945 డిసెంబరు 3న, అదీ వాంపైరే. తర్వాత అక్కడి ఇంజనీర్లకు ఒక ఆలోచన వచ్చింది. జెట్టుకు పంఖా లేదు గనుక కింద తగిలేదేమీ ఉండదు. అలాంటప్పుడు చక్రాలు మాత్రం ఎందుకు, ఆ బరువు తీసేసి మెత్తటి రబ్బరు పరుపు మీద పొట్టతోనే దింపితే పోలేదా అని! గాలి నింపిన గొట్టాల మీద రబ్బరు పరిచి, ఫార్న్‌బరోలో నేల మీదనే ఏర్పాటు చేశారు. 1947 డిసెంబరు 29న బ్రౌన్ వచ్చాడు. దగ్గరికొచ్చేసరికి విమానం అనుకున్నదానికన్నా కిందికి జారుతోంది. ఇంజను పూర్తిగా పెంచాడు. అది అందుకునే లోపలే, తీగెను పట్టుకోవలసిన కొక్కెం పరుపు అంచుకు కొట్టుకుంది. తోక దెబ్బతిన్నది, ముక్కు రబ్బరులోకి దూసుకుపోయింది. విమానం పాడైంది గానీ ఆయనకు దెబ్బ తగల్లేదు. మరుసటి ఏడు మళ్లీ అదే పరుపు మీద చక్కగా దింపాడు, వారియర్ అనే ఓడ మీద కూడా దింపి చూపించాడు. మొండివాడే! అయినా ఆ పద్ధతి నిలవలేదు. చక్రాల్లేని విమానాన్ని దించాక పక్కకు జరపడమే పెద్ద పనైంది మరి.

మన వాంపైర్లు మాత్రం 1965 యుద్ధం దాకా పనిచేశాయి. అప్పటికే పాతబడిపోయాయి. ఆ సెప్టెంబరు 1న ఛంబ్ ప్రాంతంలో ఒక్కరోజే నాలుగింటిని పోగొట్టుకున్నాం. నడిపిన పిల్లలకు ధైర్యం తక్కువై కాదు, ఎదురొచ్చిన సేబర్లు వాటికన్నా వేగమైనవి. ఆ తరువాత ముందువరస నుంచి తప్పించి, మరికొన్నేళ్లు శిక్షణకే వాడుకున్నారు.

దిగేటప్పుడు ఇంజనును మరీ తగ్గించవద్దని జెట్టు పైలట్లకు ఈనాటికీ నేర్పుతారు. రెక్కల అంచులను కిందికి వంచి, గాలికి అడ్డం పెట్టి వేగం తగ్గిస్తూనే, ఇంజనును కొంత బలంగానే నడుపుతూ ఉంటారు. అవసరమైతే లేచిపోవడానికన్నమాట.

ఇదంతా పక్కింటావిడకు చెబితే, "అంటే బ్రేకు పట్టుకునే ఎక్సిలేటరు కూడా తిప్పుతారా!" అన్నది. ఆవిడకు స్కూటరు నడపడం వచ్చు లెండి.